కదిలినట్టే తెలియని కారు

అమ్మ కారు పోయింది ఒక ఆదివారం పొద్దున. పోయిందని ఇంట్లో తెలిసేసరికి అది రెండు వీధులు దాటి, పెద్ద రోడ్డు మీద సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగి ఉంది. అందులో మాస్టారు కూర్చుని పుస్తకం చదువుకుంటున్నారు. కారు కదిలిన సంగతి ఆయనకూ తెలియదు.

మాస్టారు జాగ్రఫీ చెప్పి రిటైరయిన మనిషి. బళ్లో పిల్లలు ఆయన్ని ఇంజను మాస్టారు అనేవాళ్లు. పాఠం మధ్యలో బయట రోడ్డు మీద కారు పోతే సుద్దముక్క గాల్లోనే ఆగిపోయేది. అటు చెవి పెట్టి, ఆ కారు పేరేమిటో, ఎక్కడ తయారయిందో, ఏ గేరులో దానికి ఆయాసం వస్తుందో చెప్పి, మళ్లీ నదుల దగ్గరికి వచ్చేవారు. పిల్లలు కిటికీలోంచి తొంగిచూసి "కరెక్టే సార్" అని అరిచేవాళ్లు. ఆ పిల్లల్లో ఇప్పుడు నదులు గుర్తున్నవాళ్లు తక్కువ. కార్లు అందరికీ గుర్తున్నాయి.

ఇంత తెలిసిన మాస్టారికి కారు నడపడం రాదు. కుర్రతనంలో ఒకసారి నేర్చుకోబోయారు. ఇంజను చప్పుడు వింటూ రోడ్డు చూడటం మర్చిపోయారు. నేర్పడానికి వచ్చినతను మొదటి మలుపులోనే దిగి, నడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో కారు నడిపింది ఆయన భార్య. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. వేళాపాళా లేని డ్యూటీల కోసం ఒక చిన్న కారు కొనుక్కుంది. కార్ల గురించి ఆవిడకి ఏమీ తెలియదు. రోడ్డు మీద ఉన్న కార్లన్నీ ఆవిడ లెక్కలో రెండే రకాలు: దారి ఇచ్చేవి, ఇవ్వనివి. పక్క సీట్లో మాస్టారు కార్ల పత్రిక తెరుచుకుని కూర్చునేవారు. సీటు ఒరిగే తీరును బట్టి ఎక్కడికి వచ్చారో ఆయనకి తెలిసిపోయేది. తల ఎత్తకుండానే "గతుకు వస్తోంది, చూసుకో" అనేవారు. "మీరు చదువుకోండి, రోడ్డు నేను చూసుకుంటా" అనేది ఆవిడ. వాళ్ల కాపురమంతా ఆ రెండు మాటల మధ్య సాఫీగా సాగింది.

వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా సూదీ మందూ పట్టుకుని వెళ్లేది గనక ఆవిడని అందరూ అమ్మ అనేవాళ్లు. కారు కూడా అందరికీ అమ్మ కారే.

అమ్మ పోయి ఏడాది దాటింది. కారు షెడ్డులో ఉంది. కళ్లజోళ్ల షాపులో పనిచేసే కూతురు ఆదివారం ఆదివారం తాళం తిప్పి, కాసేపు ఇంజను ఆడనిచ్చి ఆపేస్తుంది. అంతకు మించి ఆమెకీ రాదు. అమ్మ ఉన్నన్నాళ్లూ నేర్చుకోవలసిన అవసరం కనిపించలేదు. మాస్టారు మాత్రం రోజూ షెడ్డులోకి వెళ్లి, తన పక్క సీట్లో కూర్చుని చదువుకుంటారు. ఇంకెక్కడికీ వెళ్లరు.

కారు అమ్మేస్తే నాన్న షెడ్డులోంచి బయటికి వస్తాడేమోనని కూతురికి అప్పుడప్పుడు అనిపించేది. మరుక్షణం, ఆ సీటు కూడా లేకపోతే ఆయన ఎక్కడ కూర్చుంటాడని అనిపించేది. తాళం తిప్పిన ప్రతిసారీ అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది, కారు లేకపోతే దానికి తేలికవుతుందేమో అని మాస్టారు అనుకునేవారు. ఇద్దరూ పైకి ఏమీ అనుకోలేదు. పాత పేపర్ల దగ్గర్నుంచి పాత మంచం దాకా ఏదైనా సరే, ఆ ఇంట్లో "ఇచ్చేద్దాం" అనేవారే తప్ప "అమ్మేద్దాం" అనే మాట వాడేవారు కాదు. మేనమామ ఒక్కడు ఒకసారి నోరు జారి, "ఎన్నాళ్లు పెట్టుకుంటారు బావా, అమ్మేయండి" అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆయనకి ఆ ఇంట్లో కాఫీ చల్లారాకే అందింది.

ఆ వారమే పుస్తకం వచ్చింది. ఆదివారం పేపర్లో కార్ల గురించి రాసే పెద్దాయన తన జీవితం రాసుకున్న పుస్తకం. మీసం రాని రోజుల నుంచి మాస్టారు ఆయన రాతలు చదువుతున్నారు. కొత్త కారు వస్తే కంపెనీవాళ్లు ఏమన్నారో ఆయనకి అక్కర్లేదు, పెద్దాయన ఏమన్నారో కావాలి. ఒక కారు స్టీరింగు తిప్పుతుంటే పిండి రుబ్బుతున్నట్టుందని పెద్దాయన రాశారట. మర్నాడు ఆ కంపెనీ మేనేజరు ఆఫీసుకి వచ్చి, బల్ల మీద స్టీరింగు పెట్టి "రుబ్బి చూపించండి" అన్నాడట. ఇంకో కారు తలుపు కొండ దారిలో ఊడి, ముందు దొర్లుకుంటూ పోతే, తలుపు వెంట కారు పరిగెత్తించి పట్టుకున్నారట. మాస్టారు ఆ పేజీ పడీ పడీ నవ్వుతూ చదివి, పెన్సిలు తీసి అంచున "తలుపు కాదు, డిక్కీ మూత. అప్పట్లో పేపర్లో అలాగే రాశారు" అని దిద్దారు. అభిమానం అభిమానమే, నిజం నిజమే.

ఆయన అసలు ఎదురుచూపు వేరే ఉంది. అమ్మ కారు గురించి పెద్దాయన ఎప్పుడూ ఒక్క ముక్క రాయలేదు. లోకంలోని కార్లన్నిటినీ పొగిడారు, తిట్టారు, దీన్ని మాత్రం పట్టించుకోలేదు. ఇన్నాళ్లకు ఈ పుస్తకంలో దాని పేరుతో ఒక అధ్యాయం ఉంది. మధ్యలో పేజీలు దాటించడం మాస్టారి పద్ధతి కాదు. వరసగా చదువుకుంటూ వచ్చి, శనివారం సాయంత్రానికి దాని గుమ్మంలో ఆగారు. ఆదివారం పొద్దున్నే, ఆ కారులోనే కూర్చుని, ఆ అధ్యాయం చదవాలి. ఆయన పెట్టుకున్న పని అదొక్కటే.

కూతురు పెట్టుకున్న పని ఇంకొకటి.

"నాన్నా, ఇవాళ షెడ్డుకి వెల్ల వేయిస్తున్నా. కారు బయట పెట్టాలి."

"పెట్టండి. నేనూ బయటే కూర్చుంటా."

"కారులోనా? వీధిలోనా?"

"మరి పుస్తకం ఎక్కడ చదవను?"

"ఇంటినిండా కుర్చీలున్నాయి నాన్నా."

"వాటికి అద్దాలు లేవు," అన్నారు మాస్టారు, పుస్తకం చంకలో పెట్టుకుని.

వెల్ల వేయడానికి వచ్చిన పెయింటరు అసలు పని షాపుల బోర్డులు రాయడం. అతనూ కూతురూ కలిసి కారును మాస్టారితో సహా వీధిలోకి తోశారు. స్టీరింగు బిగుసుకుపోకుండా తాళంచెవి దానికే వదిలేశారు. చెత్త లారీ వచ్చే వేళ. ఎవరికైనా అడ్డమయితే ఫోను చేస్తారని కూతురు ఒక చెప్పుల డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో "అమ్మ కారు" అని రాసి, కింద తన నంబరు వేసి, ముందు అద్దానికి బయట వైపర్ కింద గుచ్చింది. స్కెచ్ పెన్ను బానెట్టు మీదే మర్చిపోయి లోపలికి వెళ్లింది.

పెయింటరు బ్రష్షు కడుక్కుంటూ ఆ మూత వంక చూశాడు. బోర్డులు రాసేవాడికి తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కారు మీద అట్ట, అట్ట మీద ఫోను నంబరు. అర్థం కానిదేముంది? తొందరలో ఏత్వం మర్చిపోయారు పాపం, అనుకున్నాడు. స్కెచ్ పెన్ను తీసి, రెండో అక్షరం తలకట్టును చక్కగా సాగదీసి, నిండైన ఏత్వం చేశాడు. కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాడు. "అమ్మే కారు." ఇప్పుడు బాగుంది. తృప్తిగా షెడ్డులోకి వెళ్లి నిచ్చెన ఎక్కాడు.

మాస్టారు లోపల తల వంచుకుని ఉన్నారు. ఆయనకి అట్ట వెనకవైపు కనిపిస్తుంది. వెనకవైపు చెప్పుల బొమ్మ ఉంది.

కాసేపటికి ఆ దారిన డ్రైవింగ్ టీచరు వచ్చింది. ఆడవాళ్లకి కారు నేర్పే ఆవిడ. నేర్చుకునేవాళ్ల కాళ్ల కింద ఆవిడ కారు క్లచ్ ఎప్పుడో అరిగిపోయింది. చిన్న కారు, మంచి కారు ఎక్కడైనా దొరుకుతుందా అని వెతుకుతోంది. అట్ట చూసి ఆగింది. చుట్టూ తిరిగింది. టైర్లు నొక్కింది. ఫోను తీసింది.

"హలో, అమ్మే కారేనాండీ?"

ఇంట్లో మిక్సీ తిరుగుతోంది. కూతురికి సగమే వినిపించింది. "ఆ, అమ్మ కారేనండీ. అడ్డంగా ఉందా?"

"అడ్డమెందుకండీ, బాగానే ఉంది. తాళం ఎవరి దగ్గరుంది?"

"దానికే ఉంది."

"అయితే నేను తీసుకోవచ్చా?" మిక్సీ చప్పుడులో కూతురికి అది, అడ్డంగా ఉంది, పక్కకి తీయొచ్చా అన్నట్టు వినిపించింది.

"మీకు నడపడం వస్తే మీరే తీసుకోండి. పుణ్యముంటుంది. మా నాన్న లోపలే కూర్చున్నాడు, ఒక మాట చెప్పండి చాలు."

ఫోను పెట్టేసిన డ్రైవింగ్ టీచరు, ఇంత నమ్మకంగా కారు అమ్మేవాళ్లని ఇంతవరకు చూడలేదు అనుకుంటూ తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది.

"నమస్కారమండీ. మీ అమ్మాయితో మాట్లాడాను. చూద్దామని వచ్చా."

మాస్టారు పుస్తకంలో వేలు పెట్టి తల ఎత్తారు. అమ్మాయి స్నేహితురాలు కాబోలు, పుస్తకం సంగతి విని వచ్చింది అనుకున్నారు. కార్ల పుస్తకం కోసం ఒక మనిషి వెతుక్కుంటూ రావడం ఆయన జీవితంలో మొదటిసారి. మొహం విప్పారింది.

"చూడండి, చూడండి."

"ఎంత నడిచిందండీ?"

"సగం దాటింది. కావాలనే మెల్లగా నడిపిస్తున్నాను. తొందరగా అయిపోతే బాధ కదా."

"కొత్తదేనా మీ దగ్గరికి వచ్చినప్పుడు?"

"కొత్తదే. నాకంటే ముందు ఎవరూ తెరవలేదు."

"మధ్యలో ఏమన్నా ఇబ్బంది పెడుతుందా?"

"అబద్ధమెందుకు, మధ్యలో కాస్త లాగుతుంది."

"ఎటువైపు?"

మాస్టారు ఆలోచించారు. "రాజకీయాల వైపు."

డ్రైవింగ్ టీచరు ఆయన్ని ఒకసారి చూసింది. పెద్దవాళ్లలో కొందరికి హాస్యం ఎక్కువ. "పైన అక్కడక్కడా గీతలున్నాయే?"

"అవి నేను గీసినవే. తప్పు కనపడితే గీయకుండా ఉండలేను."

ఆవిడ మెల్లగా సీటు బెల్టు పెట్టుకుంది. ఇంకేమీ అడగకపోవడమే మంచిదనుకుని, "అయితే మొదలుపెట్టనా?" అంది.

మాస్టారి కళ్లు అప్పటికే కొత్త అధ్యాయం పేరు మీద ఉన్నాయి. "ఆ, మొదలుపెడదాం," అన్నారు.

ఇంజను మోగింది. అది ఆదివారం పొద్దున మోగే ఇంజనే. పక్క సీటు, తెరిచిన పుస్తకం, కింద సన్నగా వణికే నేల. మాస్టారికి ఎన్నో ఏళ్ల అలవాటు. ఆయన చదవడం మొదలుపెట్టారు.

పెద్దాయన ఇలా రాశారు: "ఈ కారు గురించి రాయడానికి నాకు ఎప్పుడూ ఏమీ దొరకలేదు. గుర్తుండాలంటే కారన్నది మనిషిని కాస్తయినా ఏడిపించాలి. ఇది ఏడిపించదు. లోపల కూర్చున్నవాడికి కదిలినట్టే తెలియదు."

మాస్టారికి ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఎదురుచూస్తే ఇదా రాసేది? కదిలినట్టే తెలియదట! పెన్సిలు తీసి అంచున "అన్యాయం" అని రాశారు. ఆ సమయానికి కారు వీధి చివర మలుపు తిరుగుతోంది. "ఇంత దూరం వచ్చి ఈయన ఇలా అంటాడనుకోలేదు," అని గొణిగారు. డ్రైవింగ్ టీచరు అది తనను కాదులే అనుకుని రెండో వీధిలోకి తిప్పింది. మాస్టారు పేజీ తిప్పారు. సీటు కుడివైపు కొద్దిగా ఒరిగింది.

"గతుకు వస్తోంది, చూసుకో," అన్నారు తల ఎత్తకుండా.

"మీరు చదువుకోండి, రోడ్డు నేను చూసుకుంటా."

మాస్టారు ఇంకో వాక్యం చదివారు. తర్వాతి వాక్యం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. కారు సిగ్నల్ దగ్గర ఆగింది. ఆయన మెల్లగా తల తిప్పి, స్టీరింగు మీద ఉన్న చేతుల్ని చూశారు. లావుపాటి గడియారం పెట్టుకున్న చెయ్యి. ఎవరిదో చెయ్యి.

పుస్తకంలో వేలు పెట్టి, "మీరెవరండీ?" అన్నారు.

"అదేంటండీ! డ్రైవింగ్ నేర్పుతాను. కారు చూడ్డానికి వచ్చా కదా."

"కారా? పుస్తకం కాదూ?"

"ఏ పుస్తకం?"

ఇద్దరూ తాము అంతవరకు మాట్లాడుకున్నదంతా మనసులో మొదటినుంచి మళ్లీ చదువుకున్నారు. "రాజకీయాల వైపు" దగ్గరికి వచ్చేసరికి డ్రైవింగ్ టీచరుకి నవ్వు వచ్చింది. మాస్టారు నవ్వలేదు.

"కారు ఎవరు చూడమన్నారు మిమ్మల్ని?"

"అమ్మే కారని అట్ట పెట్టారు కదండీ. మీ అమ్మాయి ఫోన్లో, తాళం దానికే ఉంది, తీసుకోండి అంది."

"మా అమ్మాయా?"

"మీ అమ్మాయే."

మాస్టారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. నోటితో చెప్పలేక అట్ట మీద రాసిందన్నమాట. పాపం, ఎన్నాళ్లు మోసిందో. తను రోజూ షెడ్డులో కూర్చుంటే అది మాత్రం ఏమంటుంది?

"పచ్చదీపం పడింది," అన్నారు. "ఇంటికి ఇటు తిరగాలి. మీకు తొందర లేకపోతే, ఆస్పత్రి రోడ్డు మీదుగా పోదాం."

"పోదామండీ. నాకూ బండి తెలుస్తుంది."

"రెండో గేరు వేసేముందు ఒక్క క్షణం ఆగండి. ఆగితే చప్పుడు చేయదు. మా ఆవిడ ఆగేది."

ఆవిడ ఆగింది. గేరు చప్పుడు చేయలేదు. ఆస్పత్రి గేటు, మందుల షాపుల వరస, పూలకుండీల గోడ, అన్నీ ఏడాది తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లాయి. మాస్టారు అన్నిటినీ చూశారు. మధ్యలో ఒకసారి పుస్తకం తెరిచి, అంచున రాసిన "అన్యాయం" కొట్టేసి, "నిజమే" అని రాశారు.

కారు ఇంకా సిగ్నల్ దగ్గర ఉన్నప్పుడే ఇంటి దగ్గర మిక్సీ ఆగింది. కూతురు గుమ్మంలోకి వచ్చింది. కారు లేదు. నాన్న లేడు. నాన్న ఫోను మాత్రం లోపల అలమారులో మోగుతోంది. షెడ్డులో పెయింటరు గోడ వైపు తిరిగి, చెవిలో పాట పెట్టుకుని వెల్ల వేస్తున్నాడు. ఆమె మేనమామకి ఫోను చేసింది.

"మామయ్యా! అమ్మ కారు పోయింది. నాన్న కూడా... కారులోనే పోయాడు." అంతే. ఆ తర్వాత గొంతు రాలేదు.

కరెంటు సామాన్ల షాపు నడిపే మేనమామ మాట పూర్తిగా వినే మనిషి కాదు. ఆ రోజు వినడానికి మిగిలింది కూడా లేదు. షట్టరు దించాడు. భార్యకి చెప్పాడు. బడి హెడ్మాస్టరుకి చెప్పాడు. దారిలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పుకుంటూ వచ్చాడు. ఆయన వీధిలోకి వచ్చేసరికి ఇంటి ముందు జనం చేరారు. ఏం జరిగిందని ఎవరినీ అడగనివ్వలేదు. రోడ్డు మధ్యలో నిలబడి కళ్లు ఒత్తుకున్నాడు.

"అలాంటి మనిషి మళ్లీ పుట్టడయ్యా. చప్పుడు విని కారు పేరు చెప్పేవాడు. నా షాపులో ఫ్యాను చప్పుడు విని ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పాడు. సరిగ్గా అన్నాళ్లే బతికింది."

"మామయ్యా, ఒక్క మాట..." అంది కూతురు.

"నువ్వుండమ్మా. నన్ను చెప్పుకోనీ. ఒక్కరోజు నన్ను పరాయివాడిలా చూశాడా? కాఫీ చల్లారాక ఇచ్చినా, ఇచ్చాడు!"

వెనకనుంచి హారన్ మోగింది.

"పక్కనుంచి పోవయ్యా! మనిషి పోయి మేం ఏడుస్తుంటే హారనేంటి?" అన్నాడు మేనమామ తిరక్కుండానే.

కారు అద్దం దిగింది. "ఎవరు పోయారోయ్?"

"ఎవరేమిటి, నువ్వే బావా," అని మేనమామ ఎప్పటి అలవాటుగా జవాబు చెప్పి, మళ్లీ కళ్లు ఒత్తుకోబోయి, ఆగి, తిరిగి చూశాడు. మాస్టారు పక్క సీట్లోంచి తల బయటపెట్టి చూస్తున్నారు. మేనమామకి మొదట సంతోషం వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. "బతికుంటే ముందే చెప్పొద్దూ? ఇంత మందిలో నిన్ను పొగిడించావు నాచేత!"

కూతురు పరిగెత్తుకుంటూ వెళ్లి కారు తలుపు పట్టుకుంది. మాస్టారు దిగారు. దిగి, మొదటిసారి కారు ముందుకు వచ్చి అట్ట చూశారు. కూతురూ చూసింది. రాత తనదే. ఏత్వం తనది కాదు. బడిలో జీవితమంతా ఒక్కొక్క గుర్తూ దిద్దిన మనిషి నాన్న. నోటితో చెప్పలేక ఒక్క గీతతో చెప్పాడన్నమాట, అనుకుంది.

డ్రైవింగ్ టీచరు దిగి వచ్చింది. "బండి బంగారమండీ. ఇంకో మాట లేదు. కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి? అసలు కారెవరిది?"

"అమ్మదండీ," అంది కూతురు.

"అమ్మదా? అమ్మనప్పుడు అట్ట ఎందుకు పెట్టారండీ? ఆవిడని ఒకసారి పిలవండి, నేను మాట్లాడి ఒప్పిస్తా."

మాస్టారు పుస్తకం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"ఆవిడ రాదండీ," అన్నారు. "పోయిన ఏడాది పోయింది. ఇది ఆవిడ కారు."

డ్రైవింగ్ టీచరు మొహం చిన్నబోయింది. "క్షమించండి. నాకు తెలియదు." తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన తీసుకోలేదు.

"ఫర్లేదు. మా అమ్మాయి ఇద్దామనుకుంది కదా, ఇచ్చేద్దాం. మీరు బాగా నడుపుతారు."

"నేనెక్కడనుకున్నా నాన్నా? నువ్వు అనుకున్నావని నేను... నీకు ఇష్టమైతే నాకూ సరే."

"నాదేముందమ్మా. నీకు తేలికవుతుందంటే నాకు సరే."

"నాకేం బరువని? నీకు సరే అంటేనే నాకు సరే."

డ్రైవింగ్ టీచరు ఆ మొహం నుంచి ఈ మొహానికి చూసింది. "ఇంతకీ ఎవరికి సరే అండీ?"

అప్పుడు మేనమామ ముందుకు వచ్చి బానెట్టు మీద చెయ్యి వేశాడు. "ఎవరికి సరే అయినా నాకు కాదు. అక్క కారు అమ్ముతారా? నేనుండగానా?"

"మొదట అమ్మమన్నది నువ్వేగా?" అన్నారు మాస్టారు.

"అనడం వేరు బావా, అమ్మడం వేరు. అన్న మాటకల్లా విలువిస్తే నేను షాపు నడపగలనా?"

ఈ గొడవకి పెయింటరు చెవుల్లోంచి పాట తీసి, బ్రష్షుతో సహా బయటికి వచ్చాడు. జనాన్ని చూశాడు, కారు చుట్టూ ముసిరిన తీరు చూశాడు, మొహం వెలిగిపోయింది.

"ఏమ్మా, అప్పుడే బేరం కుదిరిందా? నేననుకుంటూనే ఉన్నా. మీరు ఏత్వం మర్చిపోయారు గానీ, నేను చూసి పెట్టాను కాబట్టి సరిపోయింది. లేకపోతే అమ్మ కారు అని ఉండేది. ఎవరికి అర్థమవుతుంది?"

అందరికంటే ముందు కూతురికి నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మాస్టారు అట్ట తీసి, ఏత్వం వంక దగ్గరగా చూశారు.

"గుండ్రంగా వచ్చింది," అన్నారు. పెయింటరు అది మెచ్చుకోలే అనుకున్నాడు. నిజానికి మెచ్చుకోలే.

"అయితే నాకు కారు లేనట్టేనా?" అంది డ్రైవింగ్ టీచరు.

"లేనట్టేనండీ," అన్నారు తండ్రీకూతుళ్లిద్దరూ. ఆ రోజు వాళ్లిద్దరూ ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదలు.

"సరే. మరి ఇంట్లో నడిపేదెవరు?"

తండ్రి కూతురి వంక, కూతురు తండ్రి వంక చూశారు. మేనమామ ఆకాశం వంక చూశాడు.

"బాగుందండీ. నడపరు, అమ్మరు. బండిని అలా నిలబెడితే తుప్పు పట్టదూ?"

"మా నాన్నకి నేర్పుతారా?" అని కూతురూ, "మా అమ్మాయికి నేర్పుతారా?" అని మాస్టారూ ఒక్కసారే అన్నారు.

"ముందు మీరిద్దరూ మాట్లాడుకోవడం నేర్చుకోండి," అంది డ్రైవింగ్ టీచరు. "ఆదివారం వస్తా."

వచ్చింది. షెడ్డుకి వెల్ల ఆరింది గానీ కారు అందులో నిలవడం తగ్గింది. కూతురు తొందరగానే నేర్చుకుని, ఇప్పుడు పనికి కారులోనే వెళ్తోంది. మాస్టారిది నెమ్మది. క్లచ్ వచ్చింది, గేర్లు వచ్చాయి, ఇంజను ఏమంటున్నా రోడ్డు వైపు చూడటం కూడా చాలామటుకు వచ్చింది. డ్రైవింగ్ టీచరు ఇక తన అవసరం లేదని, పక్కన కూర్చోవడం అమ్మాయికి అప్పగించింది. ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్లు బయల్దేరతారు. ఎటు వెళ్లాలని ముందుగా అనుకోరు. వెడల్పుగా, తిరగడానికి వీలుగా చోటు కనిపించేదాకా ఎంత దూరమైనా ముందుకే పోతారు. మాస్టారికి రివర్సు ఇంకా రాలేదు.